చర్మం వద్దంటుంది, మందు పోతానంటుంది

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. రాత్రి పడుకోబోయే ముందు జెల్ ట్యూబు పట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. శనగగింజంత పిండుకుని పది నిమిషాలు బలంగా రుద్దుతుంది. "గట్టిగా రుద్దితేనే లోపలికి దిగుతుందిరా" అంటుంది. తర్వాత పాత చీర ముక్క చుట్టి, దానిమీద వేడినీళ్ళ సంచి పెట్టుకుంటుంది. ఫార్మసీ చదివినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక చాలాసార్లు చెప్పాను. అమ్మా, నువ్వు చేసే మూడు పనుల్లో రుద్దడం వల్ల ఒరిగేది తక్కువ, చుట్టడం వల్ల, కాపడం వల్ల జరిగేది మాత్రం నువ్వనుకున్నదానికంటే చాలా ఎక్కువ అని. ఆవిడ వినదు. నిజానికి ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్తే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. కాస్త విడమరిచి చెప్పాలి.

ముందు ఒక లెక్క చూద్దాం. అమెరికాలో అమ్మే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు 1 శాతం ఉన్న జెల్‌తో పాటు ఇచ్చే కాగితంలో ఉన్న లెక్క ఇది. ఒక మోకాలికి రోజుకు 4 సార్లు, ప్రతిసారీ 4 గ్రాముల చొప్పున రాస్తే మొత్తం 16 గ్రాముల జెల్, అంటే 160 మిల్లీగ్రాముల మందు. అదే మందు మాత్రల రూపంలో 50 మిల్లీగ్రాములవి రోజుకు 3 వేసుకుంటే 150 మిల్లీగ్రాములు. పైన పూసిందీ లోపలికి మింగిందీ దాదాపు సమానం. రక్తంలోకి చేరింది చూస్తే మాత్రం జెల్ వల్ల చేరేది మాత్రల వల్ల చేరేదానిలో సుమారు 6 శాతమే. మిగతాదానిలో చాలావరకు చర్మం గడప దగ్గరే ఆగిపోయి, దుప్పటికీ చీరకీ అంటుకుని, తెల్లారి స్నానంలో కొట్టుకుపోతుంది.

మోకాలి జెల్‌కు ఇది లోపం కాదు. మందు మోకాలి దగ్గర ఉంటే చాలు, కడుపులోకీ కిడ్నీలకీ ఎక్కువగా వెళ్ళకపోవడమే మంచిది. మందు ఒళ్ళంతా చేరాల్సిన చోటే చిక్కంతా. గుండెనొప్పికీ, వాంతులకీ, క్యాన్సర్ నొప్పికీ ప్యాచ్ అంటిస్తున్నామంటే ఆ మందు చర్మం దాటి రక్తంలో కలవాలి. అదీ ఇష్టమొచ్చినంత కాదు, గంటకు ఇంత అని కొలిచినట్టు కలవాలి. ఈ రెండో షరతే అసలు కష్టం. చర్మానికి చిల్లు పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది.

పెంకుటింటి కప్పు

చర్మం అడ్డుకుంటుందంటే మందపాటి తోలేదో అడ్డుపడుతోందని అనుకుంటాం. అడ్డుకునేది చర్మమంతా కాదు, పైపైన ఉండే స్ట్రాటం కార్నియం అనే పొర ఒక్కటే. దాని మందం ఒంట్లో చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లు. నోటుబుక్కు కాగితంలో అయిదో వంతు. అందులో 15, 20 వరసల చచ్చిన కణాలు బల్లపరుపుగా, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి నిండా కెరటిన్ అనే గట్టి ప్రొటీన్. పెంకుల మధ్య సందుల్లో కొవ్వు. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు మూడూ కలిసి పొర మీద పొరగా, మడతపెట్టిన పట్టుచీరలా నీటుగా సర్దుకుని ఉంటాయి.

మందు పెంకుల్ని చీల్చుకుని పోదు. ఎక్కువగా పెంకుల మధ్య ఉన్న కొవ్వు సందుల్లోంచి మెలికలు తిరుగుతూ దిగుతుంది. అందుకే పొర 20 మైక్రాన్లే అయినా మందు నడిచే దారి దానికి ఎన్నో రెట్లు. ఈ పొర ఎంత కీలకమో తెలుసుకోవడానికి పరిశోధకులు చేసే పని చూస్తే నవ్వొస్తుంది. మనం పార్సిల్‌కు అంటించే లాంటి జిగురు టేపు ముక్క ముంజేతికి అంటించి లాగుతారు. ప్రతి ముక్కతో పలచగా కణాల పొర ఊడొస్తుంది. ఒకేచోట అలా పదీ ఇరవై సార్లు లాగితే కంటికి పెద్ద గాయమేమీ కనబడదు, కాస్త ఎర్రబడి మెరుస్తుందంతే. కానీ ఆ చోట ఒంట్లోంచి నీరు ఆవిరయ్యే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బయట పూసిన మందూ అలాగే లోపలికి దూసుకుపోతుంది. గీరుకున్న చోట, తామర ఉన్న చోట, ఎండకు పొట్టు రేగిన చోట నొప్పి జెల్ రాయొద్దని డాక్టర్లు అనేది అందుకే.

ఈ కొవ్వు సందు దాటాక కథ తిరగబడుతుంది. కింద ఉన్నవి సజీవ కణాలు, అక్కడంతా నీళ్ళు. కొవ్వులో బాగా కరిగే మందు పై పొరలో హాయిగా దూరుతుంది గానీ కింది నీటిలోకి దిగడానికి మొరాయించి అక్కడే పేరుకుపోతుంది. నీళ్ళలోనే కరిగే మందు అసలు పై పొరలోకే రాదు. అటు నూనెతోనూ ఇటు నీళ్ళతోనూ సర్దుకుపోయే మందే గెలుస్తుంది.

మరో అడ్డం సైజు. అణుభారం 500 డాల్టన్ల లోపు ఉంటేనే మామూలు చర్మం దాటగలదన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. నికోటిన్ 162, గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ 227, ఆడ హార్మోన్ ఈస్ట్రడయాల్ 272, క్యాన్సర్ నొప్పికి వాడే ఫెంటనిల్ 336. ప్యాచ్‌గా వచ్చిన మందులన్నీ ఈ బాపతే. ఇన్సులిన్ దాదాపు 5,800. షుగర్ ఉన్నవాళ్ళు "సూది లేకుండా ప్యాచ్ రాదా" అని అడిగే ప్రశ్నకు అందుకే ఇన్నేళ్ళైనా సూటి జవాబు లేదు.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. పారాసెటమాల్ అణుభారం 151. సైజు చూస్తే భేషుగ్గా దూరాలి. కానీ అది ఒక్క డోసుకే 500 మిల్లీగ్రాములు కావాలి. చర్మం రోజు మొత్తానికి దాటనిచ్చేది మహా అయితే పది, ఇరవై మిల్లీగ్రాములు. కాబట్టి జ్వరానికి ప్యాచ్ కావాలంటే ఒళ్ళంతా చుట్టుకోవాలి. తక్కువ మోతాదులో ఘాటుగా పనిచేసే మందులకే ఈ దారి. అమెరికాలో మొట్టమొదట అనుమతి పొందిన ప్యాచ్ 1979లో వచ్చింది. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించుకునే స్కోపోలమైన్ ప్యాచ్. అలెహాండ్రో జఫరోనీ స్థాపించిన ఆల్జా కంపెనీ తయారీ. మూడు రోజులకు కలిపి అది ఒంట్లోకి పంపేది సుమారు 1 మిల్లీగ్రాము.

ఇంత కష్టపడి చర్మం దారే ఎందుకంటే, నోటి దారిలో లివర్ ఉంది. పేగుల్లోంచి పీల్చుకున్న మందంతా ముందు లివర్‌కే వెళ్తుంది. నైట్రోగ్లిజరిన్ లాంటివాటిని మింగితే లివర్ అక్కడికక్కడే చాలావరకు విరిచేస్తుంది. అందుకే దాన్ని నాలుక కింద పెట్టుకుంటారు, లేదా ఛాతీ మీద ప్యాచ్‌గా అంటిస్తారు. 1981లో ఆ ప్యాచ్‌లు వచ్చినప్పుడు రోజంతా ఒకే మోతాదు అందడం పెద్ద వరమనుకున్నారు. తీరా చూస్తే రోజంతా అందుతూ ఉంటే ఒంటికి అలవాటైపోయి మందు పనిచేయడం మానేసింది. ఇప్పుడు రాత్రిపూట ప్యాచ్ తీసేసి పది, పన్నెండు గంటలు ఖాళీ ఇవ్వమంటారు.

పచ్చాకు నేర్పిన పాఠం

చర్మంలోంచి మందు పోతుందని ల్యాబులకంటే ముందు పొలాలకు తెలుసు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పొగాకు ఎక్కువ. మంచు తడి ఆరకముందే పచ్చాకు కోసి, చంకన పెట్టుకుని మోసినవాళ్ళకు తల తిరగడం, వాంతులు, ఒళ్ళంతా నీరసం రావచ్చు. చుట్ట ముట్టని మనిషికైనా వస్తుంది. పచ్చ పొగాకు జబ్బు అని వైద్యంలో దీనికి పేరే ఉంది. ఆకు మీద తడిలోకి నికోటిన్ దిగుతుంది, తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని ఉంటుంది, చెమటపట్టిన చర్మం పీల్చుకుంటుంది. తడిసిన ఆ చొక్కా, ఎవరూ తయారుచేయని నికోటిన్ ప్యాచ్.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పొగాకు కూలీలకు వచ్చే ఇదే జబ్బు గురించి విని, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మర్రే జార్విక్, జెడ్ రోజ్ అనే ఇద్దరికి ఆలోచన వచ్చింది. మనుషుల మీద ప్రయోగానికి అనుమతి దొరక్క, పొగాకును తమ చర్మం మీదే పెట్టుకుని చూసుకున్నారు. గుండె వేగం పెరిగింది, పొగ తాగినవాడికి కనబడే లక్షణాలు కనబడ్డాయి. 1990ల మొదట్లో సిగరెట్ మానడానికి నికోటిన్ ప్యాచ్‌లు మార్కెట్లోకి వచ్చాయి. చిన్న అణువు, నూనెలోనూ నీళ్ళలోనూ కలుస్తుంది, తక్కువ మోతాదు చాలు. చర్మం కోసమే పుట్టినట్టుంటుంది నికోటిన్.

పురుగుమందు కొట్టేటప్పుడు వీపున ట్యాంకు కారి చొక్కా తడిస్తే జరిగేదీ ఇదే. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలనుకుంటారు. కొట్టేవాళ్ళ ఒంట్లోకి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పోయే పెద్ద దారి చాలాసార్లు ముక్కు కాదు, చర్మం.

ఎక్కడ రాస్తున్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను ఒంట్లో ఒక్కోచోట పూసి ఎంత లోపలికి పోతోందో కొలిచారు. ముంజేతిని 1 అనుకుంటే, నుదురు 6, దవడ మూల 13, వృషణాల తిత్తి 42. అరికాలు 0.14. టెస్టోస్టిరాన్ మొదటి ప్యాచ్‌ను 1993లో వృషణాల మీద అంటించేలా తయారుచేయడానికి కారణం ఈ 42. మన దగ్గర తెల్లబడటానికని స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి ముఖానికి రాసి చర్మం పలచబడి, ఎర్రబడి చర్మవ్యాధి డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్ళకు కారణం ఆ 13. ఇక ఆన్‌లైన్‌లో "ఒంట్లో విషాలు లాగేస్తుంది" అని అరికాలికి అంటించే ప్యాచ్‌లు అమ్ముతున్నారు. తెల్లారేసరికి అవి నల్లబడేది అందులోని పొడికి చెమట తగిలి. ఒంట్లో అన్నిటికంటే గట్టిగా తలుపు మూసుకున్న చోటు వెతికి మరీ అంటిస్తున్నందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

తోసేవాడి బలం

చర్మాన్ని ముట్టుకోకుండా మందు ఎక్కువ పోయేలా చేయొచ్చా? చేయొచ్చు, నా మటుకు ఈ రంగంలో అన్నిటికంటే అందమైన పని ఇదే.

మందు చర్మంలోకి దిగేది ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి. బయట ఒత్తిడి ఎంత ఉంటే అంత వేగం. అయితే ఆ ఒత్తిడి మందు ఎన్ని గ్రాములుందన్న దాన్ని బట్టి ఉండదు, మందు ఆ క్రీములో ఎంత "ఇబ్బందిగా" ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. గ్లాసెడు నీళ్ళలో చెంచాడు పంచదార వేస్తే కరిగి సుఖంగా ఉంటుంది, బయటికి పోవాల్సిన అవసరం దానికి లేదు. ఇక కరగలేనంత వేసినప్పుడు ఏ కాస్త సందు దొరికినా బయటపడటానికి సిద్ధంగా ఉంటుంది. మందు బాగా కరిగే క్రీము మంచి క్రీము అనుకుంటాం. చర్మం విషయంలో అది తప్పు. మందుకు క్రీము మరీ నచ్చితే చర్మంలోకి ఎందుకు వెళ్తుంది? 1960లో టకేరు హిగుచి ఈ సంగతిని లెక్కలతో చెప్పాడు.

దీన్ని వంటింట్లోనే చూడొచ్చు. మన ఇళ్ళల్లో అమృతధార చేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు సమానంగా తీసుకుని గాజుసీసాలో వేసి మూత పెడతారు. మూడూ గట్టి పలుకులే. నీళ్ళు పోయక్కర్లేదు, వేడి చేయక్కర్లేదు. కాసేపటికి పలుకుల అంచులు చెమర్చినట్టవుతాయి, ఇంకాసేపటికి సీసాలో తేటగా నూనెలాంటి ద్రవం మిగులుతుంది. ఒకదానికొకటి తోడై, విడివిడిగా ఉన్నప్పటికంటే చాలా తక్కువ వేడికే కరిగిపోతాయి.

స్వీడన్‌లోని ఆస్ట్రా కంపెనీ సరిగ్గా ఇదే కిటుకుతో ఒక క్రీము చేసింది. మత్తు మందులు రెండు, లిడోకైన్, ప్రిలోకైన్. మొదటిది 68 డిగ్రీల దగ్గర, రెండోది 38 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెండూ సమానంగా కలిపితే 18 డిగ్రీలకే ద్రవమైపోతాయి. అంటే గదిలో ఉండగానే మందే నూనె. ఆ నూనెను నీళ్ళలో చిన్న బిందువులుగా చిలికి క్రీము చేస్తే, ఒక్కో బిందువులో 80 శాతం మందే ఉంటుంది. విడిగా ఏదో నూనెలో కరిగిస్తే 20 శాతం దగ్గరే ఆగేది. క్రీము మొత్తంలో మందు 5 శాతమే, కానీ బిందువు దగ్గరికొచ్చేసరికి తోపు అంత ఎక్కువ. పిల్లల చేతికి సెలైన్ సూది గుచ్చే ముందు నర్సు తెల్లటి క్రీము మందంగా పెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అంటించి, గంట ఆగమని చెప్పడం మీరు చూసే ఉంటారు. ఆ క్రీము ఇదే. ఆ గంటా ఎందుకు, ఆ ప్లాస్టిక్ ఎందుకు అన్నదానికి కాసేపట్లో వస్తాను.

ఈ "ఇబ్బంది పెట్టే" పద్ధతిలో ఒక ప్రమాదముంది. కరగగలిగినదానికంటే ఎక్కువ మందు పట్టించిన ప్యాచ్ ఎప్పుడైనా మొండికేసి గడ్డకట్టొచ్చు. పార్కిన్సన్స్ జబ్బుకు 2007లో అమెరికాలో వచ్చిన రోటిగోటిన్ ప్యాచ్‌లో అచ్చం అలాగే జరిగింది. ప్యాచ్ మీద మంచుపువ్వుల్లా స్ఫటికాలు కట్టాయి. గడ్డకట్టిన మందు చర్మంలోకి దిగదు, రోగికి డోసు తగ్గిపోతుంది. 2008లో వాటిని వెనక్కి తీసుకున్నారు, మళ్ళీ అమెరికాలో అమ్మకానికి రావడానికి 2012 దాకా పట్టింది.

తడి, వేడి, ఆముదం

మోకాలికి జిల్లేడు ఆకు వెచ్చచేసి, ఆముదం రాసి, గుడ్డ కట్టి కాపడం పెట్టడం మా నానమ్మ వైద్యం. ఆకులో ఏముంది, అది నొప్పికి పనికొస్తుందా అన్నది వేరే చర్చ. నేనైతే ఆకు గురించి పందెం కట్టను. కానీ కట్టు కట్టే పద్ధతి మాత్రం, మందు లోపలికి పోవాలని కోరుకునేవాడు ఎవడైనా చేసేదే.

చర్మాన్ని గాలి ఆడకుండా మూస్తే చెమట, లోపలి తేమ అక్కడే చిక్కుకుంటాయి. ఆ చచ్చిన కణాలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి. ఎక్కువసేపు బట్టలుతికినప్పుడు వేళ్ళ కొసలు ఉబ్బి తెల్లబడినప్పుడు మీరు చూసేది నీళ్ళు తాగిన ఈ పొరనే. ఉబ్బిన గోడ వదులవుతుంది, చాలా మందులు ఎన్నో రెట్లు ఎక్కువగా పోతాయి. నర్సు అంటించిన ప్లాస్టిక్ కాగితం చేసేది ఇదే. గంట ఆగమన్నది ఆ గోడ తడిసి, మందు నరాల చివళ్ళ దాకా దిగడానికి పట్టే సమయం. పసిపిల్లల డైపర్ కూడా ఇలాంటి మూతే. అందుకే డైపర్ కింద స్టెరాయిడ్ క్రీము రాసేముందు డాక్టర్ను అడగాలి.

వేడి ఇంకో రకంగా పనిచేస్తుంది. కొవ్వు సందుల్ని కాస్త మెత్తబరుస్తుంది, అంతకంటే ముఖ్యంగా చర్మం కింద రక్తనాళాలు వెడల్పై, వచ్చిన మందును వచ్చినట్టు ఎత్తుకుపోతాయి. మామూలు జెల్‌కు ఇది మంచిదనిపించొచ్చు. ఫెంటనిల్ ప్యాచ్‌కు ఇది ప్రాణాంతకం. ఆ ప్యాచ్ ఉన్నవాళ్ళు హీటింగ్ ప్యాడ్లు, వేడినీళ్ళ తొట్టి స్నానాలు వాడొద్దని, ఎక్కువ జ్వరం వస్తే డాక్టర్‌కు చెప్పమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గంటకు ఇంత అని లెక్కకట్టి తయారుచేసినదానికి వేడి తోడైతే ఆ లెక్క తప్పుతుంది, ఊపిరి ఆగిపోవచ్చు.

నొప్పి బామ్‌లకూ వేడికీ కూడా పడదు. మన దగ్గర అమ్మే చాలా నొప్పి జెల్‌ల వెనక చదివితే డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం అని ఉంటుంది. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న పూతల వల్ల కొందరికి చర్మం కాలి బొబ్బలెక్కిందని 2012లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాంటివి రాసి, పైన కట్టు కట్టి, వేడి పెట్టొద్దని ట్యూబుల మీద రాసేది అందుకే. అమ్మ ట్యూబు మీదా ఉంది. అక్షరాలు చిన్నవి, ఆవిడ కళ్ళజోడు పెట్టుకోదు.

గోడను మెత్తబరచడం

ఆ లేబుల్లో మెంథాల్ చల్లదనం కోసం మాత్రమే లేదు. అది కొవ్వు పొరల మధ్య దూరి ఆ పట్టుచీర మడతల్ని చెదరగొడుతుంది. మడత చెదిరితే పక్కన ఉన్న మందు కూడా జారిపోతుంది. యూకలిప్టస్ నూనెలోని సినియోల్, నిమ్మజాతి తొక్కల్లోని లిమొనీన్ కూడా ఇదే పని చేస్తాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటికి ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఘాటు ఉంటే పనిచేస్తున్నట్టే అని జనం అనుకున్నారు. ఆ ఘాటు సరుకే చర్మం గడియ తీసే సరుకు కూడా కావడం, యాదృచ్ఛికమే అయినా, బాగుంటుంది.

ఒలీక్ ఆమ్లం, ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్, ఇలా ఈ జాబితా పొడుగ్గా పోతుంది. వీటిలో కథ ఉన్నది మాత్రం డీఎమ్మెస్వోకి. చెట్ల గుజ్జు నుంచి కాగితం చేసేటప్పుడు మిగిలే సరుకుతో తయారయ్యే ద్రావణి ఇది. చేతిమీద చుక్క వేస్తే కొద్ది నిమిషాల్లోనే నోట్లో వెల్లుల్లి రుచి తెలుస్తుంది. అంత వేగంగా చర్మం దాటుతుంది. 1960ల మొదట్లో అమెరికాలోని ఒరెగాన్‌లో స్టాన్లీ జేకబ్ అనే సర్జన్ ఇది చూసి ఇక మందులన్నీ చర్మంలోంచే ఇవ్వొచ్చన్నంత సంబరపడ్డాడు. దేశమంతా గోల. 1965లో, జంతువుల కంటి కటకాలు మారుతున్నాయని ఎఫ్‌డీఏ ప్రయోగాలు ఆపించింది. తర్వాత 1978లో మూత్రాశయంలోని ఒక జబ్బుకు అనుమతించారు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్‌తో కలిపిన ద్రావణంగానూ ఉంది. కానీ "సార్వజనిక తాళంచెవి" కల అక్కడితో ముగిసింది.

ముగియడానికి కారణం ఉంది. కొవ్వు పొరను చెదరగొట్టేది ఏదైనా చర్మాన్ని మండిస్తుంది. తలుపు తెరిచినవాడు ఎవర్ని రానిస్తున్నాడో చూసుకోడు. మందుతో పాటు క్రీములోని మురికీ, సెంటూ, క్రిమిసంహారకాలూ లోపలికి పోతాయి. కొత్త పదార్థం ప్రయోగశాలలో ఎంత బాగా పనిచేసినా, రోజూ ఒకేచోట ఏళ్ళ తరబడి వాడితే ఎర్రబడకుండా ఉంటుందా అన్న పరీక్ష దగ్గర చాలావరకు ఓడిపోతాయి. "నానో టెక్నాలజీతో చర్మం లోతుల్లోకి" అని రాసిన డబ్బాలు చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. నిజంగా అంత లోతుకు పోతుంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. అప్పుడు దాన్ని మందులాగే పరీక్షించాలి.

కరెంటు, శబ్దం, ముళ్ళు

విద్యుదావేశం ఉన్న మందు కొవ్వులోకి రాదు. దాన్ని కరెంటుతో తోయొచ్చు. ఫ్రాన్స్‌లో స్టెఫాన్ లెడ్యూక్ 20వ శతాబ్దం మొదట్లో రెండు కుందేళ్ళతో చేసిన ప్రయోగం క్రూరమైనదే గానీ మరిచిపోలేనిది. రెండిటినీ ఒకే కరెంటు దారిలో వరసగా కలిపాడు. ఒకదానికి తగిలించిన దూదిలో స్ట్రిక్నిన్, రెండోదానికి సయనైడ్. ధన ఆవేశమున్న స్ట్రిక్నిన్ దగ్గర ధన ధ్రువం, రుణ ఆవేశమున్న సయనైడ్ దగ్గర రుణ ధ్రువం ఉంటే రెండు కుందేళ్ళూ చచ్చిపోయాయి. ధ్రువాలు తారుమారు చేస్తే రెండూ బతికాయి. విషం అదే, చర్మం అదే, మారింది కరెంటు దిక్కు.

ఈ పద్ధతి ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బును గుర్తించడానికి పిల్లల చేతికి పిలోకార్పిన్‌ను సన్నటి కరెంటుతో ఎక్కించి చెమట పట్టించి, అందులో ఉప్పును కొలుస్తారు. 1959 నుంచీ ఇదే పద్ధతి. అరచేతుల్లో విపరీతంగా చెమట పట్టేవాళ్ళకూ నీళ్ళ పళ్ళేలతో ఈ వైద్యం చేస్తారు. కానీ కరెంటు ఎక్కువైతే కాలుతుంది. పార్శ్వనొప్పికి బ్యాటరీతో వచ్చిన ఒక ప్యాచ్‌ను కాలిన గాయాల ఫిర్యాదులతో 2016లో ఆపేశారు. అల్ట్రాసౌండ్‌తో పొరను వదులుచేసే పద్ధతి మీద సమీర్ మిత్రగోత్రి, రాబర్ట్ లాంగర్ వాళ్ళు 1995లో ఇన్సులిన్‌ను కూడా చర్మం దాటించి చూపించారు. అద్భుతమే, ఇళ్ళదాకా మాత్రం రాలేదు.

నా అంచనాలో మిగతావాటిని దాటిపోయేది సూక్ష్మసూదులు. అడ్డం 20 మైక్రాన్లే కదా, నొప్పి తెలిసే నరాలు ఇంకా కింద కదా. అయితే నరాల దాకా పోకుండా గోడవరకే చిల్లు పెడితే? 1976లోనే ఆల్జా కంపెనీ దీనికి పేటెంటు తీసుకుంది, కానీ అంత చిన్న సూదులు చేయడం అప్పట్లో ఎవరికీ చేతకాలేదు. కంప్యూటర్ చిప్పులు చెక్కే విద్య అక్కరకొచ్చింది. 1998లో అమెరికాలో జార్జియా టెక్ అనే విశ్వవిద్యాలయంలో మార్క్ ప్రాస్నిట్జ్ బృందం 150 మైక్రాన్ల సిలికాన్ సూదులు 400 ఒకే ముక్క మీద చేసింది. మామూలుగా చర్మం దాటని రంగు పదార్థం వాటితో వెయ్యి రెట్లకు పైగా పోయింది. ఇప్పుడు పంచదారలాంటి కరిగే పదార్థంతో చేస్తున్నారు. చర్మంలోకి దిగి కరిగిపోతాయి, పారేయడానికి సూది మిగలదు.

వీటికి సరిగ్గా సరిపోయేది టీకా. టీకాకు మిల్లీగ్రాములు అక్కర్లేదు, పైగా చర్మంలో రోగనిరోధక కణాలు కాపలా కాస్తూ ఉంటాయి. గాంబియాలో పెద్దలకు, చిన్నపిల్లలకు, పసికందులకు తట్టు, రుబెల్లా టీకాను ఇలాంటి ప్యాచ్‌తో ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. మామూలు ఇంజెక్షన్‌కు దీటుగా పనిచేసిందని తేలింది. ఐస్‌బాక్సు మోసుకుంటూ ఊరూరా తిరిగే ఏఎన్ఎమ్ అక్కలకు ఆ ఫలితాల విలువ చెప్పక్కర్లేదు.

ఇన్ని పద్ధతుల్లోనూ, కింద జిగురు తప్ప ఏమీ లేని మామూలు ప్యాచ్ ఇంకా రాజ్యమేలుతోంది. ఎందుకంటే అది గోడను ముట్టుకోదు, గోడనే కొలతబద్దలా వాడుకుంటుంది. చర్మం గంటకు ఎంత పోనిస్తే అంతే డోసు. అయితే దానికి ఒక షరతు. మొదటి గంటలో ఉన్న తోపు ఆఖరి గంటలోనూ ఉండాలంటే ప్యాచ్ ఎప్పుడూ ఖాళీ కాకూడదు. గంటకు 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ ప్యాచ్ తీసుకుందాం. అందులో 4.2 మిల్లీగ్రాముల మందు పడుతుంది. 72 గంటల్లో ఒంట్లోకి పోయేది 1.8 మిల్లీగ్రాములు. మూడో రోజు పీకేసి "అయిపోయింది" అని చెత్తబుట్టలో వేసే ముక్కలో ఇంకా 2.4 మిల్లీగ్రాములు ఉంటుంది. వాడినదానికంటే మిగిలిందే ఎక్కువ. క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఆ ముక్క స్టిక్కర్‌లాగే కనబడుతుంది. పలచటి లేత చర్మం, ఇంకా లేతది నోటి లోపలి పొర. అమెరికాలో పిల్లలు ఇలాగే చనిపోయారు కాబట్టే ఎఫ్‌డీఏ ఒక నియమం పెట్టింది. వాడిన ప్యాచ్‌ను జిగురు వైపు లోపలికి మడిచి, అంచులు అంటుకునేలా నొక్కి, వెంటనే టాయిలెట్లో వేసి నీళ్ళు వదలాలి. ఆ తర్వాత ప్యాచ్ ముట్టుకున్న వేళ్ళు నీళ్ళతో కడుక్కోవాలి.